చేతులు మారిన రేడియో: గండికోట సీమలో పాత విద్యుత్ పరికరాల మారుబేరం, దానిని అదుపు చేసిన చట్టాలు

ఒక వస్తువు మొదటిసారి అమ్ముడైనప్పుడు దానికి పూచీపడే తయారీదారు ఉంటాడు, రసీదు ఉంటుంది, హామీ పత్రం ఉంటుంది. అదే వస్తువు పదేళ్ల తరువాత రెండో మనిషి ఇంటికి, మరి కొన్నేళ్లకు మూడో మనిషి ఇంటికి చేరేసరికి ఈ మూడూ వెనకే ఉండిపోయి వస్తువు మాత్రమే ముందుకు సాగుతుంది. మంచం, బిందె, పెట్టె వంటివాటి విషయంలో దీనివల్ల పెద్ద నష్టం లేదు గాని, కరెంటుతో నడిచే రేడియో, టీవీ, వీడియో గేమ్ వంటివాటి విషయంలో అది కొన్నవారి ప్రాణానికి సంబంధించిన సంగతి. మారుబేరాన్ని, అంటే ఒకరు వాడిన వస్తువును మరొకరికి తిరిగి అమ్మే వ్యాపారాన్ని, అదుపు చేయడానికి వచ్చిన చట్టాల చరిత్రను కడప, కర్నూలు జిల్లాల వైపు నుంచి, అంటే వాన నమ్మకం లేని, కొత్త సామాను కొనడానికి పంట చేతికొచ్చే దాకా ఆగవలసిన నేల నుంచి పరిశీలిస్తే, ప్రభుత్వం దాదాపు తొంభై ఏళ్లుగా వస్తువుకు అంటిన కాగితాన్నీ ముద్రనూ పట్టించుకున్నంతగా ఆ వస్తువు లోపలి స్థితిని పట్టించుకోలేదని తెలుస్తుంది.

జమ్మలమడుగుకు పడమట, ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్నానది పారే గండి అంచున ఉన్న గండికోటకు పాత సామానుతో ఉన్న సంబంధం విద్యుత్తు కంటే చాలా పాతది. పెమ్మసాని నాయకుల చేతిలో ఉన్న ఈ కోటను గోల్కొండ సేనాని మీర్ జుమ్లా 1650లో పట్టుకొన్నాడు. 1652లో అతణ్ణి కలవడానికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్, అక్కడ ఒక ఐరోపా పనివాని చేత ఫిరంగులు పోయించే ప్రయత్నం జరుగుతున్నదని, అందుకు కావలసిన రాగిని చుట్టుపక్కల ఆలయాల విగ్రహాల నుంచి పోగు చేశారని తన యాత్రా వృత్తాంతంలో రాశాడు. ఆ పని అనుకొన్నట్టు సాగలేదని కూడా అతని కథనమే చెబుతుంది. ఆ విగ్రహాలు పోయిన బాధ ఈ సీమకు తీరనిది. దానిని పక్కన పెట్టి లోహం సంగతి మాత్రమే చూసినా, పలు చోట్ల నుంచి వచ్చిన, పాళ్లు తెలియని పాత లోహాన్ని కరిగించి పోసిన ఫిరంగి పగిలితే మొదట దెబ్బతినేది శత్రువు కాదు, దాని వెనుక నిలిచిన గోలందాజు. పాత సరుకు లోపల ఏముందో తెలియకపోవడం వల్ల వచ్చే ప్రమాదం దానిని వాడేవాని మీదనే పడుతుందన్న ఈ సూత్రం ఫిరంగికీ రేడియోకూ ఒకటే.

విద్యుత్ పరికరం చేతులు మారడాన్ని ఈ దేశంలో మొదట కట్టడి చేసిన చట్టం భద్రత కోసం పుట్టలేదు. కడప, కర్నూలు జిల్లాలు అప్పుడు భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో 1924లో ఒక రేడియో క్లబ్బు ప్రసారాలు మొదలుపెట్టి, డబ్బు చాలక 1927లో మూతపడింది. ఆ తరువాత 1930లో మద్రాసు కార్పొరేషన్, 1938లో ఆలిండియా రేడియో ఆ బాధ్యతను చేపట్టాయి. ప్రసారాలకయ్యే ఖర్చును వినేవారి నుంచి లైసెన్సు రుసుముగా రాబట్టాలన్నది అప్పటి పద్ధతి, మొదట్లో ఆ రుసుము ఏడాదికి 10 రూపాయలు. అయితే 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం వైర్‌లెస్ పరికరాన్ని నడపడాన్ని శిక్షించగలిగింది గాని, దానిని ఇంట్లో ఉంచుకోవడాన్ని శిక్షించలేకపోయింది. ఆ లోపాన్ని పూడ్చడానికి తెచ్చిన 1933 నాటి భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం, లైసెన్సు లేకుండా అటువంటి పరికరం కలిగి ఉండటమే నేరమని ప్రకటించింది. మొదటి తప్పుకు 100 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 250 రూపాయల దాకా జరిమానా విధించవచ్చు, పరికరాన్ని జప్తు చేయవచ్చు. రేడియో ఎవరి అధీనంలో ఉన్న చోట దొరికితే వారిదేనని న్యాయస్థానం అనుకోవచ్చు. ఈ చివరి మాట మారుబేరానికి నేరుగా తగిలింది, ఎందుకంటే మరమ్మతు కోసమో అమ్మకం కోసమో కొట్టులో పెట్టుకొన్న పాత రేడియో కూడా ఆ కొట్టువాని అధీనంలో ఉన్నదే అవుతుంది.

అదే చట్టంలోని పదో సెక్షన్ మరింత శ్రద్ధగా చదవదగినది. వైర్‌లెస్ పరికరాల వ్యాపారులు తాము సంపాదించిన ప్రతి పరికరాన్నీ, అమ్మి గాని మరే విధంగా గాని వదిలించుకొన్న ప్రతి పరికరాన్నీ లెక్కల పుస్తకంలో రాసి ఉంచాలని, తయారీదారులూ వ్యాపారులూ ఏ షరతుల మీద అమ్మాలో కూడా ప్రభుత్వం నియమాల ద్వారా నిర్ణయించవచ్చని ఆ సెక్షన్ అధికారం ఇచ్చింది. పాత చొక్కా అమ్మేవానికీ పాత సైకిలు అమ్మేవానికీ లేని ఈ కట్టుబాటు రేడియో అమ్మేవానికి వచ్చిపడింది, కొన్నవాడు తన పేరిట లైసెన్సు తీసుకోవలసివచ్చింది. ఈ ఏర్పాటు మొత్తంలో ప్రభుత్వం అడిగిన ప్రశ్నలు రెండే: ఇది ఎవరి దగ్గర ఉన్నది, రుసుము కట్టారా లేదా. ఆ పరికరాన్ని ముట్టుకొన్నవారు క్షేమంగా ఉంటారా అన్న మూడో ప్రశ్న ఆ చట్టంలో ఎక్కడా లేదు.

లైసెన్సు అన్నది తపాలా కార్యాలయంలో ఇచ్చే చిన్న పుస్తకం. యజమాని పేరు, చిరునామాలతో పాటు రేడియో ఏ కంపెనీది, దాని సంఖ్య ఎంత అన్నవి అందులో రాసి, ఏటా రుసుము కట్టినప్పుడు లైసెన్సు కోసమే ముద్రించిన స్టాంపు అంటించి దాని మీద తపాలా కార్యాలయం తేదీ ముద్ర కొట్టేవారు. ఇంట్లో వాడుకొనే రేడియోకు రుసుము తరువాతి కాలంలో 15 రూపాయలకు చేరింది. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రం వెలసి, తమ సీమ మాట తమ ఊళ్లోనే వినబడటం మొదలయ్యాక రేడియో మీద మోజు పెరిగింది. ఆ మోజును తీర్చగలిగే స్తోమత అందరికీ లేకపోవడం వల్ల పాత రేడియోకు గిరాకీ కూడా పెరిగింది. ముద్దనూరు, కొండాపురం స్టేషన్లున్న గుంతకల్లు–రేణిగుంట రైలుమార్గం ఒకవైపు బొంబాయికి, మరొకవైపు మద్రాసుకు దారి. రెండో ప్రపంచ యుద్ధకాలపు మిగులు సామానుతో పెరిగిన మద్రాసు రిచీ స్ట్రీట్, బర్మా నుంచి తిరిగివచ్చినవారు 1960ల చివర నెలకొల్పిన బర్మా బజారు ఈ సీమకు అందుబాటులో ఉన్న పెద్ద సంతలు.

అప్పటి రేడియోలో ఉన్న ప్రమాదం ఎటువంటిదో తెలియాలంటే దాని వెనుక అట్ట విప్పి చూడాలి. ట్రాన్సిస్టర్ రాకముందు రేడియోలు వాల్వులతో, అంటే గాలి తీసేసిన గాజు బుడ్లతో పనిచేసేవి. కరెంటు లేని పల్లెల కోసం చేసిన బ్యాటరీ రేడియోలకు 90 వోల్టుల ఎండు బ్యాటరీ కట్ట కావలసివచ్చేది. కరెంటు ఉన్న ఊళ్లలో అమ్ముడైన చవక రకాల్లో ఏసీ, డీసీ రెండింటి మీదా నడిచేవి ఉండేవి. వాటిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు గనుక, గోడలోని సరఫరా తీగల్లో ఒకటి నేరుగా లోపలి ఇనుప చట్రానికే కలిసి ఉండేది. రెండు పిన్నుల ప్లగ్గును ఒకవైపు పెడితే చట్రానికి న్యూట్రల్ తీగ తగిలి అంతా సవ్యంగా ఉంటుంది. అదే ప్లగ్గును తిప్పి పెడితే చట్రం మొత్తానికి కరెంటు వచ్చి నిలుస్తుంది. రేడియో మాత్రం రెండు విధాలుగానూ ఒకేలా పాడుతుంది, అందువల్ల ఇంట్లో వారికి తేడా తెలిసే మార్గం లేదు.

దీనిని ఎరిగిన తయారీదారులు కొన్ని జాగ్రత్తలు తీసుకొన్నారు. పెట్టెను చెక్కతోనో బేకలైటుతోనో చేశారు, వెనుక గట్టి అట్ట బిగించారు, స్టేషన్ మార్చే బుడిపెలను ఇరుసుకు బిగించే చిన్న మరను లోతుగా దించి, ఆ రంధ్రంలో మైనం నింపి మూసేవారు, ఎందుకంటే ఇరుసు చట్రానికి తగిలి ఉంటుంది, మర ఇరుసుకు తగిలి ఉంటుంది, వేలు మరకు తగిలితే మనిషికీ కరెంటుకూ మధ్య ఇంకేమీ మిగలదు. కొత్త రేడియోలో ఈ మైనం ఉంటుంది. పదేళ్లలో బుడిపె పగిలి, మరో రేడియో బుడిపెను తెచ్చి తగిలించినప్పుడు మైనం ఉండదు. ఒకసారి విప్పిన వెనుక అట్ట మళ్లీ సరిగా బిగియదు, రెండోసారికి అది ఊడి ఎక్కడో పోతుంది. లైసెన్సు పుస్తకంలో కంపెనీ పేరు, సంఖ్య, స్టాంపు అన్నీ సక్రమంగా ఉన్న రేడియో ఇటువంటి స్థితిలో చేతులు మారితే చట్టం దృష్టిలో అందులో ఏ దోషమూ లేదు. ప్రాణాన్ని కాపాడేది గోరంత మైనమైతే, దానికి లెక్క రాసే పుస్తకం ఏ తపాలా కార్యాలయంలోనూ లేదు.

కొనుగోలుదారుకు వేరే చట్టం దిక్కయిందా అంటే, అదీ అంతంత మాత్రమే. 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలోని పదహారో సెక్షన్ ప్రకారం సరుకు నాణ్యత గురించి అమ్మేవానికి సాధారణంగా ఏ పూచీ లేదు, కొనేవాడే చూసి కొనుక్కోవాలి. అటువంటి సరుకుల వ్యాపారే వర్ణించి అమ్మిన సందర్భంలో అది అమ్మదగిన నాణ్యత కలిగి ఉండాలన్న మినహాయింపు ఉన్నా, కొనేవాడు ముందుగా పరీక్షించి చూసుకొని ఉంటే, పరీక్షలో బయటపడవలసిన లోపాలకు ఆ మినహాయింపు వర్తించదు. వస్తువును అటూ ఇటూ తిప్పి చూడటం, పాడించి వినడం ఎవరైనా చేసేదే; ఆ చూపుకు చట్రంలోని కరెంటు కనబడదు. పాత సామాను కొట్టు మీద పోలీసుల కన్ను ఎప్పుడూ ఉండేదన్న మాట నిజమే గాని, అది దొంగసొత్తు కొనడాన్ని శిక్షించే అప్పటి శిక్షాస్మృతి 411వ సెక్షన్ కోసం, షాకు కొట్టే సొత్తు కోసం కాదు.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడే, 1947లో, భారత ప్రమాణాల సంస్థ ఏర్పడింది. 1952 నాటి చట్టంతో దానికి ఐఎస్ఐ ముద్ర వేసే అధికారం వచ్చింది. ప్రమాణం అంటే ఒక వస్తువు ఎలా ఉండాలో, ఏ పరీక్షలకు నిలవాలో నిర్దేశించే పత్రం. చాలాకాలం ఈ ముద్ర ఐచ్ఛికంగానే ఉండి, 1970ల నుంచి ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచే హీటరు వంటి గృహోపకరణాలకు నాణ్యత నియంత్రణ ఉత్తర్వుల ద్వారా క్రమంగా తప్పనిసరి అయింది. రేడియో, టీవీలకు అటువంటి నిర్బంధం రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఈలోగా 1985లో రేడియో, టీవీ లైసెన్సులు రద్దయ్యాయి. ప్రజలకు అది గొప్ప ఊరట, అందులో సందేహం లేదు. కానీ ఒక పాత పరికరం ఎవరి నుంచి ఎవరికి చేరిందో చెప్పే ఏకైక కాగితం కూడా దానితోనే పోయింది, దాని చోటులో మరేదీ రాలేదు.

సరిగ్గా ఆ కాలంలోనే కడప జిల్లాకు పాత పరికరాలు మరో దారిన రావడం మొదలైంది. రాజంపేట, రాయచోటి, రైల్వేకోడూరు ప్రాంతాల నుంచి కువైట్‌కు పనికి వెళ్లినవారు సెలవుకు వచ్చేటప్పుడు రేడియో, క్యాసెట్ కలిసిన టూ ఇన్ వన్‌లు, వీసీఆర్‌లు, టీవీలు వెంట తెచ్చేవారు. ఇంటి ఆడపడుచు పెళ్లికో, బోరు వేయించడానికో డబ్బు అవసరమైనప్పుడు ఆ సామాను అమ్ముడై మరో ఊరు చేరేది. ప్రయాణికులు వెంట తెచ్చుకొనే సామానుకు వర్తించే కస్టమ్స్ నిబంధనలు సుంకం ఎంత అన్నదే చూశాయి. వచ్చిన పెట్టె ఇక్కడి సరఫరాకు తగినదా అని అడగలేదు. కువైట్‌లో ఇళ్లకు ఇచ్చే సరఫరా 240 వోల్టులు, మన దేశానికి దగ్గరే గనుక అక్కడి సామాను ఇక్కడ నడిచింది. అమెరికా నుంచి వచ్చినవి మాత్రం సుమారు 120 వోల్టులవి. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా చేతులు మారినంత కాలం పరవాలేదు, అది లేకుండా మారితే మొదటి స్విచ్చుతోనే కాలిపోయేవి.

వీడియో గేమ్ ఈ కథలో ఆలస్యంగా చేరిన వస్తువే అయినా చట్టం పేరుపెట్టి పిలిచిన వస్తువు అది. 1990లలో పట్టణాల్లో టీవీకి తగిలించే గేమ్ పెట్టెలు, వాటిలో పెట్టే క్యాసెట్లు విరివిగా అమ్ముడయ్యాయి. వాటిలో చాలావరకు జపాన్ పరికరాలకు నకళ్లు, కరెంటు వాటికి అడాప్టర్ ద్వారా అందేది. అడాప్టర్ అంటే గోడ ప్లగ్గులో పెట్టే చిన్న డబ్బా. సరఫరాను 9 వోల్టుల స్థాయికి దించి, పిల్లల చేతిలోని ఆటపెట్టెను ప్రమాదకరమైన కరెంటు నుంచి వేరుచేసేది అదొక్కటే. ఆట పెట్టె చేతులు మారినప్పుడు అడాప్టర్ పోయి ఉంటే కొట్టులో ఏది దొరికితే దానిని జత చేసి ఇవ్వడం పరిపాటి.

2012లో కేంద్ర ప్రభుత్వం ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక వస్తువుల నిర్బంధ నమోదు ఉత్తర్వు జారీ చేసింది. అది 2013 జులై 3 నుంచి అమలులోకి వచ్చింది. మొదటి జాబితాలో 15 రకాల వస్తువులుండగా, వాటిలో టీవీ, లాప్‌టాప్‌లతో పాటు వీడియో గేములు కూడా ఉన్నాయి. ఐఎస్ 616 అనే భారతీయ ప్రమాణానికి తగినట్టు ఉన్నదని గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్ష జరిపించి, పాత ప్రమాణాల సంస్థ స్థానంలో వచ్చిన భారత ప్రమాణాల బ్యూరో దగ్గర నమోదు చేయించి, ఆ మేరకు స్వీయ ప్రకటన వస్తువు మీద ముద్రించని వీడియో గేమ్‌ను తయారుచేయడం, దిగుమతి చేసుకోవడం, అమ్మకం కోసం నిల్వ ఉంచడం, అమ్మడం నిషిద్ధమని ఉత్తర్వు సారాంశం. ఇందులో కొత్త సరుకని, వాడిన సరుకని విడదీసిన మాట లేదు. అక్షరాలా చదివితే, ముద్ర లేని రోజుల్లో తయారైన ఆటపెట్టెను అమ్మకానికి పెట్టుకొన్న చిన్న వ్యాపారి దీని పరిధిలోకి వస్తాడు. ఆచరణలో ఉత్తర్వు చూపంతా తయారీదారుల మీద, దిగుమతిదారుల మీదనే నిలిచింది. చట్టం పాత సామానుకు వర్తిస్తుందో లేదో స్పష్టంగా చెప్పకుండా వదిలేయడం చిన్న వ్యాపారికి మేలు చేసినట్టు కనిపించినా, అతణ్ణి ఎప్పుడైనా తప్పుపట్టగలిగే స్థితిలో ఉంచుతుంది, కొన్నవానికి మాత్రం ఏ రక్షణా ఇవ్వదు.

ఇదే అస్పష్టత జపాన్‌లో పెద్ద వివాదమైంది. అక్కడ 2001 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన విద్యుత్ ఉపకరణాల భద్రతా చట్టం పీఎస్ఈ అనే ముద్రను తప్పనిసరి చేసి, అనేక వస్తువులకు ఇచ్చిన ఐదేళ్ల గడువు 2006 మార్చి 31తో ముగుస్తుందని చెప్పింది. ముద్ర లేని వాడిన వస్తువుల అమ్మకం కూడా ఆగిపోవలసిందేనన్న సంగతి గడువు దగ్గరపడ్డాకే వ్యాపారులకు అర్థమైంది. పాత సింథసైజర్లు, ఆంప్లిఫయర్లు, విద్యుత్ సరఫరా భాగం లోపలే ఇమిడి ఉన్న పాత ప్లేస్టేషన్, సెగా ఆటపెట్టెలు ఒక్క రాత్రిలో అమ్మరాని సరుకు అవుతాయన్న భయంతో పాత సామాను వ్యాపారులూ సంగీతకారులూ ఆందోళనకు దిగారు. ప్రసిద్ధ సంగీతకర్త ర్యూఇచి సకామోతో వారిలో ఒకరు. చివరకు ప్రభుత్వం అరుదైన పాత వాద్యపరికరాలకు మినహాయింపు ఇచ్చి, మిగిలినవాటి విషయంలో అమ్మకాన్ని అద్దెగా పరిగణించడానికి వీలు కల్పించి, 2007లో చట్టాన్నే సవరించి, పాత చట్టం కింద ముద్ర పొందిన వస్తువుల అమ్మకానికి దారి తెరిచింది. ఆ తర్జనభర్జనల్లో పుట్టిన ఒక ఆలోచన గమనించదగినది: పాత సామాను వ్యాపారి తానే ఒక్కొక్క పరికరానికీ ఇన్సులేషన్ పరీక్ష, అంటే లోపలి కరెంటు బయటి తొడుగుకు పాకుతున్నదా అని చూసే పరీక్ష జరిపి ముద్ర వేయవచ్చునని చెప్పి, పరీక్షా యంత్రాలను వ్యాపారులకు అందించే ఏర్పాటు చేశారు. నమూనాను కాకుండా ఎదుట ఉన్న వస్తువును పరీక్షించాలన్న ఈ ఆలోచన భారతీయ ఉత్తర్వుల్లో కనబడదు.

భారతదేశంలో పాత పరికరాల మీద తరువాత వచ్చిన ఒత్తిడి షాకు భయం వల్ల కాక, చెత్త భయం వల్ల వచ్చింది. పాత టీవీ పిక్చర్ ట్యూబు గాజులో సీసం ఉంటుంది. దానిని పగలగొట్టి రాగి తీగ మాత్రం తీసుకొని మిగిలినది చెరువుగట్టున పారబోస్తే ఆ విషం నీటిలో కలుస్తుంది. అందుకోసం 2012 మే నుంచి ఒకసారి, 2016 అక్టోబరు నుంచి మరోసారి, 2023 ఏప్రిల్ నుంచి ఇంకోసారి ఈ-వ్యర్థాల నిబంధనలు అమలయ్యాయి. చివరివాటిలో 106 రకాల వస్తువులు చేరాయి, చేతిలో పట్టుకొని ఆడే వీడియో గేములు కూడా వాటిలో ఉన్నాయి. వాడిన పరికరాన్ని బాగుచేసి తిరిగి వాడకానికి తెచ్చే సంస్థలు కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు కావాలని, బాగుచేసిన వస్తువు నిర్బంధ నమోదు ప్రమాణాలకు తగినట్టు ఉండాలని అవి చెబుతున్నాయి. 2019 మేలో విదేశీ వాణిజ్య విభాగం కూడా, ప్రమాణాల బ్యూరో నమోదు గాని ప్రత్యేక మినహాయింపు గాని లేకుండా ఈ జాబితాలోని వస్తువులను, కొత్తవైనా పాతవైనా, దిగుమతి చేసుకోరాదని ప్రకటించింది. పోర్టల్‌లో నమోదు, వార్షిక నివేదిక వంటివి పెద్ద సంస్థలకు సాధ్యమే. జమ్మలమడుగు సందులో బల్ల, సాల్డరింగ్ ఇనుము, రెండు డబ్బాల విడిభాగాలతో బతికే మెకానిక్‌కు అవి అందే దూరంలో లేవు.

అయినా ఈ సీమలో ఒక పరికరం రెండో జన్మ ఎత్తేది ఆ బల్ల మీదనే. పిక్చర్ ట్యూబు టీవీల కాలంలో, స్విచ్చు ఆపిన తరువాత కూడా ట్యూబులో వేల వోల్టుల విద్యుత్తు నిలిచి ఉంటుందని ఎరిగినవాడు అతడే. చట్రానికి కలిపిన తీగను స్క్రూడ్రైవరుకు చుట్టి, దాని మొనను ట్యూబు పక్కనున్న రబ్బరు మూత కిందికి జొనిపి, చిటుక్కుమని మెరుపు వచ్చి చల్లారాకే లోపల చెయ్యి పెట్టేవాడు. ఏ ఉత్తర్వూ అతనికి ఈ పని నేర్పలేదు, గురువు నేర్పాడు, కొందరికి ఐటీఐలోని రేడియో, టీవీ మెకానిక్ తరగతి నేర్పింది.

ఆ బల్లకు నాలుగడుగుల దూరంలోనే ప్రతి రాయలసీమ పట్టణంలోనూ వైండింగ్ షాపు ఒకటి ఉంటుంది. భూగర్భజలం అడుగంటి బోర్లు వందల అడుగులు దిగిన ఈ నేలలో, వోల్టేజి హెచ్చుతగ్గులకు మోటార్లు కాలిపోవడం, వాటికి రాగి తీగ మళ్లీ చుట్టించడం రైతు జీవితంలో ఏటా వచ్చే ఖర్చు. చుట్టిన మోటారును వైండింగ్ మేస్త్రీ రైతుకు ఊరికే అప్పగించడు. ఇన్సులేషన్‌ను కొలిచే మెగ్గర్ ఉంటే దానితో, లేకపోతే సీరీస్ బల్బుతో పరీక్షిస్తాడు: బల్బు గుండా కరెంటు పంపి ఒక తీగను చుట్టకు, మరొక తీగను మోటారు ఇనుప తొడుగుకు ఆనిస్తాడు, బల్బు ఎర్రగా కనిపించిందంటే కరెంటు తొడుగుకు పాకుతున్నదని అర్థం, ఆ మోటారును మళ్లీ విప్పుతాడు. బ్రిటన్‌లో విద్యుత్ ఉపకరణాల భద్రతా నిబంధనలు వాడిన వస్తువులకూ వర్తిస్తాయి గనుక, అక్కడి ధర్మసంస్థల దుకాణాల్లో పాత టీవీని అమ్మకానికి పెట్టేముందు జరిపించే పరీక్షకు మూలసూత్రం ఇదే. పాత టీవీకి, పాత మిక్సీకి, అడాప్టర్ మార్చిన ఆటపెట్టెకు ఈ పరీక్ష చేయడానికి రెండు నిమిషాలు చాలు. పరీక్షించే పరికరం జమ్మలమడుగులో ఉన్నది, దానిని వాడటం వచ్చిన మేస్త్రీ ఉన్నాడు. 1933 చట్టానికి బదులుగా పార్లమెంటు 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టం ఆమోదించింది, అంతకు ముందు ఏడాది డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభమైంది. పాత వస్తువు చేతులు మారేముందు ఆ బల్బు వెలిగించి చూడాలన్న నియమం మాత్రం వీటిలో లేదు, మేస్త్రీ మోటారుకు చేసే పరీక్ష నేటికీ మోటారు దగ్గరే ఆగి ఉన్నది.